తొమ్మిది తరాల బారన్

నేను జీవితంలో కంఠతా పట్టినవి రెండే. ఒకటి బైబిల్లోని పది ఆజ్ఞలు. అవి ఇప్పటికీ వరస తప్పుతుంటాయి. రెండోది బారన్, అంటే దొరగారు, అనే మగగుర్రం వంశావళి. అది మాత్రం తండ్రి వైపు తొమ్మిది తరాలు, తల్లి వైపు ఏడు, ఒక్క పేరు జారకుండా చెప్పేవాణ్ణి. అడక్కపోయినా చెప్పేవాణ్ణి.

బారన్‌ని స్కాట్లండ్ నుంచి తెప్పించాను. మూడు నెలలు ఓడలో ఊగి, న్యూజిలాండ్ దక్షిణపు కొసన మా రేవులో దిగేసరికి దాని కాళ్ళు వణుకుతున్నాయి. బంకమట్టి దున్ని ఓట్స్, టర్నిప్పు దుంపలు పండించే మా జిల్లాలో నాగలి గుర్రాలకు కొదవలేదు గానీ, వంశావళి కాగితం ఉన్న గుర్రం ఒక్కటీ లేదు. ఇప్పుడు నా దగ్గర ఉంది. ఆ కాగితానికి అద్దం కట్టించి గోడకు తగిలించాను. అప్పటిదాకా ఆ మేకుకి మా పెళ్ళిపటం ఉండేది.

నా భార్య యుఫీమియా పెళ్ళిపటం తీసుకెళ్ళి వంటింట్లో పిండి డబ్బా పక్కన పెట్టుకుంది.

ఏటా వసంతంలో, అంటే మాకు సెప్టెంబరు నుంచి క్రిస్మస్ దాకా, మగగుర్రాన్ని నడిపించుకుంటూ పొలం పొలం తిరగాలి. ఎవరింట ఆడగుర్రం ఎదకొస్తే అక్కడ ఆగి దాటించాలి. ఆ పనికి అందరూ జీతగాణ్ణి పెట్టుకుంటారు. నేను పెట్టుకోలేదు. జీతగాడు వంశావళి సరిగ్గా చెప్పలేడని నా భయం. అంచేత నేనే మంచి కోటు తొడుక్కుని, బారన్ జూలుకి ఎర్ర రిబ్బన్లు కట్టి బయల్దేరేవాణ్ణి. ప్రతి పెరట్లోనూ టోపీ తీసి మొదలెట్టేవాణ్ణి. నాలుగో తరం దగ్గర రైతు ఆవలించేవాడు. ఆరో తరం దగ్గర ఇంటావిడ టీ తెచ్చేది. మర్యాద చేస్తున్నారనుకున్నాను. తాగుతున్నంతసేపూ నోరు మూసుకుంటానని అలా చేసేవాళ్ళని చాలా ఏళ్ళకి తెలిసింది.

ఒక ఆదివారం యుఫీమియా మేజోళ్ళు అల్లుతూ అడిగింది.

"ఏమయ్యా, బారన్ ముత్తాత పేరేంటి?"

చెప్పాను, పుట్టిన ఊరితో సహా.

"మీ తాత పేరేంటి?"

మా నాన్న పుట్టినప్పుడు చర్చి పుస్తకంలో తండ్రి పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలేశారు. మా నాయనమ్మ పనిచేసిన ఇళ్ళల్లో ఎవరో ఒకరు. ఆ సంగతి యుఫీమియాకి తెలుసు. పెళ్ళికి ముందు నేనే చెప్పాను.

"దెప్పడానికి అడగలేదులే," అంది. "గుర్రాల దగ్గర నీకెందుకింత ఆత్రమో తెలుసుకుందామని."

"గుర్రాల సంగతి వేరు."

"అవును. వాటికి సిగ్గుండదు."

రెండో ఏడు తిరుగుతుండగా ఆనర్ టియర్నీ అనే ఐరిష్ ఆవిడ తన గేటు దగ్గర నన్ను ఆపింది. ఆవిడ మొగుడు ఏరు దాటుతూ వరదలో పోయాడు. మిగిలింది ముప్పై ఎకరాల చిత్తడి నేల, బ్రిడీ అనే ఆడగుర్రం. ఆ గుర్రాన్ని కట్టి ఆవిడే దున్నుకునేది. బ్రిడీ పొట్టిది, కానీ ఛాతీ పీపాలా ఉండేది. ఆ ఛాతీ నేను చూడలేదు. నేను చూసింది దానికి కాగితం లేకపోవడమే.

"మెకర్సీ గారూ, మా బ్రిడీ ఎదకొచ్చింది. మీ దొరగారిని కాస్త ఆపుతారా?"

"దీని తల్లి ఎవరమ్మా?"

"ఒక గుర్రం."

"తండ్రి?"

"ఇంకో గుర్రం అయ్యుంటుంది."

నాకు నవ్వు రాలేదు. వంశం తెలియనిదానికి దాటిస్తే బారన్ పేరు చెడుతుందని, పుట్టే పిల్లని వంశాల పుస్తకంలో ఎక్కించడానికి వీలుండదని, చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాను. ఆవిడ కూడా ఓపిగ్గానే విన్నది.

"పుస్తకాన్ని నాగలికి కట్టలేనండీ," అంది. "నాకు గుర్రం కావాలి."

"క్షమించాలమ్మా."

"బ్రిడీ మాత్రం మీవాడి వంశం అడగలేదు," అని గేటు మూసింది.

భోజనం దగ్గర ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. యుఫీమియా నా గిన్నెలో జావ పోస్తూ, "తాతల పేర్లు తెలియనివాళ్ళని గేటు దగ్గరే ఆపేస్తే మనం ఈ దేశంలో దిగేవాళ్ళమే కాదు," అంది. నేను జావ చల్లారిందని సణిగాను.

నాలుగేళ్ళు గడిచాయి. డిసెంబరులో జరిగే పశువుల ప్రదర్శనలో మూడేళ్ళ మగగుర్రాలకి తీర్పు చెప్పమని నన్ను పిలిచారు. నా పాండిత్యాన్ని ఇన్నాళ్ళకి గుర్తించారనుకున్నాను. రావాల్సిన మనిషి నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

ఏడు గుర్రాలు వరసగా నిలబడ్డాయి. తీర్పరికి నంబర్లే చెబుతారు, యజమానుల పేర్లు చెప్పరు. వాటిలో నాలుగు బారన్ కొడుకులని చూడగానే తెలిసిపోయింది. తల అందం, నడక అందం, ఛాతీ మాత్రం తలుపు సందులా ఇరుకు. ఎన్నాళ్ళనుంచో ఆ ఇరుకుని నేను నాజూకు అని పిలుస్తున్నాను.

ఐదో నంబరుది వేరే లెక్క. నేనెరగని పొడుగాటి మనిషి దాన్ని పట్టుకున్నాడు. గిట్టలు పళ్ళేలంత, వాటి మీద వెంట్రుకల కుచ్చులు పట్టులా జారుతున్నాయి. ఇద్దరు మనుషులు పక్కపక్కన దూరొచ్చు, అంత రొమ్ము. కాలెత్తమంటే ఎత్తింది, దించమంటే దించింది. నా గుండె నిండిపోయింది. అక్కడితో మొదటి బహుమతి రిబ్బన్ కట్టేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ కంచె చుట్టూ మూడువందల మంది ఉన్నారు. జనాన్ని చూస్తే నా నోరు ఆగదు.

"అయ్యలారా, అమ్మలారా, రక్తం అబద్ధమాడదు," అని ఎత్తుకున్నాను. "ఈ మెడ చూడండి. ఈ నిలబడే తీరు చూడండి. దీని తండ్రి ఎవరో నాకెవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు. ఇది మా బారన్ బిడ్డ. కాదన్నవాడికి గుర్రమంటే ఏంటో తెలియదన్నమాట."

కంచె అవతల ఆనర్ టియర్నీ నిలబడి ఉంది.

"మెకర్సీ గారూ," అంది, గొంతు పెంచకుండానే. "అది మా బ్రిడీ కొడుకు, టర్లో. పేరు చెడుతుందని మీ బారన్‌ని మా గేటు కూడా దాటనివ్వలేదు మీరు. మర్చిపోయినట్టున్నారు."

"మరి తండ్రి?" అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

"మొద్దు."

మొద్దు అనేది రంపపు మిల్లులో దుంగలు లాగే గుర్రం పేరు. లాక్లన్ బీటన్ అనే మిల్లు మనిషిది. ఒక చెవి సగం తెగి ఉండేది. దారిలో అది ఎదురైతే బారన్ చూడకూడదని నేను రోడ్డుకి అవతలి పక్కకి తప్పుకునేవాణ్ణి.

ముందు కంచె దగ్గరున్నవాళ్ళు నవ్వారు, తర్వాత బండ్ల మీదున్నవాళ్ళు. ఆఖరికి టీ డేరాలో ఆడవాళ్ళకి కూడా ఎవరో వెళ్ళి చెప్పారు. రిబ్బన్ కట్టబోతే నా చేతులకి ముడి రాలేదు. ఆ పొడుగాటి మనిషి, ఆనర్ టియర్నీ తమ్ముడట, జాలిపడి తనే కట్టుకున్నాడు.

కథ అక్కడితో అయిపోతే నేను వట్టి తెలివితక్కువవాణ్ణిగానే మిగిలేవాణ్ణి. ప్రదర్శన కార్యదర్శి పీబుల్స్ నన్ను డేరా వెనక్కి పిలిచాడు. రిబ్బన్ ఎవరికైనా ఇవ్వొచ్చు గానీ, కప్పు ఇవ్వాలంటే గుర్రం పేరు వంశాల పుస్తకంలో ఉండాలట.

"తల్లి సంగతి ఎలాగో సర్దుదాం," అన్నాడు మెల్లగా. "తండ్రి దగ్గర బారన్ అని రాసి మీరొక సంతకం పడెయ్యండి. ఆవిడకి కప్పు, మీకు పేరు, నాకు తలనొప్పి వదులుతుంది."

ఛీ అన్నానని చెప్పుకోవాలని ఉంది. అనలేదు. సంతకం పెట్టి, కాగితం జేబులో వేసుకుని మర్నాడు పొద్దున్నే ఆనర్ టియర్నీ ఇంటికి వెళ్ళాను. దారిలో మూడుసార్లు తీసి చదువుకున్నాను. బారన్ కుమారుడు టర్లో. చదవడానికి ఎంత బాగుందో.

ఆవిడ టర్నిప్పు సాళ్ళలో కలుపు తీస్తోంది. చేతులు తుడుచుకుని కాగితం చదివింది.

"ఇది అబద్ధం కదండీ."

"అబద్ధమే. కానీ మీకు మేలుచేసే అబద్ధం. కప్పొస్తుంది. జిల్లా అంతా మీ గుర్రాన్ని పిలుస్తారు."

"మీకేమొస్తుంది?"

"పోయిన పరువు," అన్నాను నేలచూపులు చూస్తూ.

ఆవిడ కాగితం కిందికి దించింది.

"ఆ ఏడు మీరు వెళ్ళాక మిల్లుకి కబురు పెట్టాను. లాక్లన్ పని మానుకుని, తొమ్మిది మైళ్ళు వానలో మొద్దుని నడిపించుకొచ్చాడు. ఓ కప్పు టీ తాగాడు, ఇంకేమీ పుచ్చుకోలేదు. పోయిన చలికాలంలో మొద్దు దుంగ కింద పడి చచ్చిపోయింది. ఇప్పుడు దాని పేరు తీసేసి ఇంకోదాని పేరు రాస్తే, రేపు ఆ మనిషి మా ఇంటికొస్తే మొహమెలా చూపించను?"

పేరుండాల్సిన చోట ఖాళీ ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎవరిదో ఒక పేరు రాయించెయ్యమని మా నాయనమ్మకి కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆవిడ రాయించలేదు. నలభై ఎనిమిదేళ్ళలో ఈ ఆలోచన నాకు రావడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఆ ఖాళీని చూసి సిగ్గుపడ్డాను గానీ, అబద్ధం రాయించని మనిషిని తల్చుకున్నది లేదు.

ఆనర్ టియర్నీ కాగితం మడిచి నా చేతికిచ్చింది. నేనే చింపాను. కాస్త గంభీరంగానే చింపాను కూడా. ముక్కలు సాళ్ళలో పడ్డాయి.

"ఏరండి," అంది.

వంగి ఏరుకున్నాను.

కప్పు రెండో స్థానంలో వచ్చిన గుర్రానికి వెళ్ళింది. అది బారన్ కొడుకే, నాజూకైనది. ఆ కప్పు గురించి జిల్లాలో ఎవరూ మాట్లాడలేదు, నాతో సహా. మరుసటి వసంతానికి రైతులంతా తమ ఆడగుర్రాల్ని టర్లో దగ్గరికి తోలుకెళ్ళారు. బంకమట్టి దున్నాల్సినవాడు కాగితం అడగడు. మా దగ్గరా బారన్ కూతుళ్ళు రెండున్నాయి. వాటిని నేను తీసుకెళ్ళలేక యుఫీమియాని పంపాను.

"ఆ టియర్నీ ఆవిడ ఏమంది?" అని అడిగాను, యుఫీమియా తిరిగొచ్చాక.

"వీటికి వంశం ఉందా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"తొమ్మిది తరాలు ఉందన్నాను. పర్వాలేదులెండి, పాపం వాటి తప్పేముంది అంది. ఇద్దరం గేటు పట్టుకుని చాలాసేపు నవ్వుకున్నాం."

బారన్‌కి పిలుపులు తగ్గాయి. ఊరికే నిలబెట్టి మేపితే ఒళ్ళు బరువెక్కి కాళ్ళు వాచాయి. చివరికి మెడపట్టీ వేసి నాగలికి కట్టాను. ఎడమ పక్కకి తిరగడం దానికి చేతకాదు, సాలు వంకర పోతుంది. అయినా మధ్యాహ్నందాకా లాగి, చెమటలు కక్కి, తొట్టిలో ఓట్స్ అడుగంటా నాకింది. అంతకుముందు అది అంత ఇష్టంగా తినడం నేను చూడలేదు.

రోడ్డు మీద పోయేవాళ్ళకి కనపడకుండా మొదటి వారం వెనక పొలం దున్నాను. రెండో వారానికి అక్కడ పని అయిపోయింది. ముందు పొలంలోకి రాక తప్పలేదు.