గాలి మిషన్ పక్కన

మాస్కును సబ్బునీళ్ళలో కడిగి ఇంకా తుడుస్తుండగానే మంచం మీద మొగుడికి ఆయాసం ఎగదన్నింది. ఆమె పరుగున వచ్చి ముక్కూ నోరూ కప్పేలా దాన్ని తొడిగి, పట్టీలు తల వెనక బిగించింది. ముక్కుదూలం మీద పుండు మళ్ళీ పచ్చిగా ఉంది. పక్కనున్న గాలి మిషన్ బుస్సుమని ఊదింది. ఎముకల గూడులాంటి ఛాతీ పైకి లేచింది.

"బిగుతైందా?"

ఆయన వేలు కదిపాడు. అంతకు మించి ఓపిక లేదు.

బేకరీలో కట్టెల పొయ్యి ముందు జీవితమంతా నిలబడ్డ మనిషి. ఊరందరికీ రొట్టె కాల్చి, తాను పొగ మింగాడు. పైగా బీడీలు. ఊపిరితిత్తులు ఇక బాగుపడేవి కావన్నాడు డాక్టరు. మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళనని కిందటిసారే ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు.

మధ్యాహ్నం మాస్కు తీసి, పాలలో నానబెట్టిన రొట్టె పెట్టింది. రెండు చెంచాలకే అలిసిపోయాడు.

"ఇంక... చాలే."

"ఇంకొక్క ముద్ద."

"తిండి కాదే." ఊపిరి కోసం ఆగాడు. "ఇదంతా... చాలు."

"నోర్ముయ్," అంటూ మాస్కు తొడిగేసింది. ఆ మాట వినలేకే తొందరపడిందని ఇద్దరికీ తెలుసు.

నేల మీద కూర్చుని, దర్జీ ఇచ్చిన చొక్కాలకు గుండీలు కుడుతూ, చూపు సూది మీదే ఉంచి కబుర్లు మొదలుపెట్టింది. పక్కవాటా కోడలు అత్త మీద అలిగి పుట్టింటికి పోయిందట. రెండు వీధుల అవతలే పుట్టిల్లు. భోజనాల వేళకి తిరిగొచ్చిందట.

"నవ్వొచ్చిందా? నా మాటకి అడ్డుపడందే నీకు పొద్దుపోయేది కాదు. ఇప్పుడు చూడు, ఎంత బుద్ధిగా వింటున్నావో!"

మిషన్ ఊదుతూనే ఉంది. ఛాతీ లేస్తోంది, దిగుతోంది.

చొక్కాలన్నీ అయ్యాక లేచి, దుప్పటి సర్దబోతే పాదం తగిలింది. చల్లగా ఉంది. చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు ముడుచుకోలేదు.

"ఏమయ్యా," అంది. "ఏమయ్యోయ్."

ఛాతీ లేచింది, దిగింది. ఆమె మీట నొక్కి మిషన్ ఆపింది. ఛాతీ మళ్ళీ లేవలేదు.

ఎంతసేపట్నుంచి తాను ఒక్కతే మాట్లాడుతోందో ఆమెకు అంతుపట్టలేదు.

సాయంత్రం ఆయన్ని తీసుకెళ్ళాక, కూతురు మంచం ఎత్తి గోడకు ఆనించింది. కింద చెప్పుల జత బయటపడింది. కిందటేడు, ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో, "వీధి చివరిదాకా నడుద్దువుగాని నాన్నా" అని తనే కొనిచ్చినవి. మట్టి అంటని అడుగున కొట్టువాడు అంటించిన చీటీ ఇంకా ఊడలేదు.