పక్కసీటులో మనిషి

బడి వంటింట్లో థెల్మా కస్టర్డ్ గిన్నె అడుగు గీకుతోంది. అడుగంటిన పసుపుపచ్చ పొర చెక్కగరిటెకు లొంగడం లేదు. గీకినప్పుడల్లా ఆమె మోచేతి పైకండ ఊగుతోంది. యాభై దాటిన మనిషి, పొట్టి, గుండ్రటి భుజాలు, వలటోపీ కింద నెరిసిన జుట్టు. బడి పిల్లలకి ఆమె పేరు తెలియదు, కస్టర్డమ్మ అంటారు. ఎవరు ఏమని పిలిచినా పలకడమే తప్ప తనకో పేరుందని గుర్తుచేసే అలవాటు ఆమెకు లేదు.

"ఇవాళ కారు కొంటున్నావటగా? ఇక నిన్ను పట్టుకోలేం తల్లీ," అంది పళ్ళేలు కడుగుతున్న మ్యూరియల్.

"నేను కొనడమేంటి, వెర్నన్ కొంటున్నాడు. నేను నడుపుతానంతే." గీకడం ఆపి, "నడుపుతానేమో," అని సరిచేసుకుంది.

నోట్లో నాలుక లేని మనిషి. పుట్టింట్లో తండ్రి మాట, పెళ్ళయ్యాక వెర్నన్ మాట, ఇక్కడ పెద్ద వంటమనిషి మాట. అలాగని కష్టపెట్టినవాళ్ళు ఒక్కరూ లేరు, అదే వచ్చిన చిక్కు. ఎవరైనా కష్టపెట్టి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఎదురు తిరగడం నేర్చుకునేది.

వెర్నన్ మా లోయలో బస్సు నడిపేవాడు. డ్రైవరు పెళ్ళానికి బస్సులో టిక్కెట్టు అక్కర్లేదు కాబట్టి ఆ ఇంటికి కారు అవసరం పడలేదు. పోయిన చలికాలంలో అతనికి గుండెపోటు వచ్చింది. బతికాడు గానీ బస్సు లైసెన్సు తీసేసుకున్నారు. కారు మట్టుకు నడుపుకోవచ్చన్నారు. మంచు కరిగేసరికి అసలు ఆ బస్సునే తీసేశారు. డాక్టరమ్మ థెల్మాని పక్కకి పిలిచి మొహమాటం లేకుండా చెప్పింది. "ఇంకోటి వస్తుంది. ఎప్పుడో చెప్పలేను. అంబులెన్సు మీ లోయలోకి వచ్చేదాకా ఆయన గుండె ఓపిక పట్టదు. ఇంట్లో కారుండాలి, మీకు నడపడం రావాలి."

ఆ వారమే థెల్మా, ఎవరినీ అడక్కుండా, నేర్చుకునేవాళ్ళ లైసెన్సుకి రాసుకుంది. జీవితంలో తనంతట తాను చేసిన పని బహుశా అదొక్కటే. కొండకవతల ఊళ్ళో మాస్టారి దగ్గర కొన్ని పాఠాలూ అయ్యాయి. ఇప్పుడిక కారు కావాలి.

మధ్యాహ్నం వెర్నన్ బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, పాత యూనిఫాం కోటు వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని. మ్యూరియల్ మొగుడు ఇద్దర్నీ కొండ దాటించి ర్యాంకిన్ షెడ్డు ముందు దింపి వెళ్ళాడు. పాతకార్లు అమ్మే ర్యాంకిన్‌ని ఆ చుట్టుపక్కల ఎవరూ పూర్తిగా నమ్మరు, కొనేది మాత్రం అతని దగ్గరే.

థెల్మా కళ్ళు ఓ ఎర్రకారు మీద పడ్డాయి.

"అది కుర్రాళ్ళది పిల్లా. పెద్ద ఇంజను. బీమావాళ్ళు తోలు ఒలుస్తారు," అన్నాడు వెర్నన్.

అతను చెప్పింది నిజమే. నేర్చుకునేవాళ్ళకి కారుకంటే దాని బీమా బరువెక్కువ. చిన్న ఇంజను, పాత మోడలు, దొంగకి కూడా ఆశపుట్టని రంగు చూసుకోవాలి. అలాంటిదొకటి మూలనుంది. ఉడికించిన బఠాణీల రంగు, తలుపు మీద సొట్ట. వెర్నన్ మోకాళ్ళ మీద వంగి అంచుల కింద తుప్పు గోటితో గీరాడు. జేబులోంచి అయస్కాంతం తీసి రేకు పొడవునా ఆనించి చూశాడు. తుప్పు బొక్కలకి పూత పూసి రంగేసిన చోట అది అంటుకోదు.

"కొనేది గుర్రమనుకున్నావా వెర్నన్, పళ్ళు కూడా చూస్తావా?" అన్నాడు ర్యాంకిన్.

"నీ దగ్గర కొంటే తోక కూడా లాగి చూడాలయ్యా."

ముగ్గురూ నవ్వారు. వెర్నన్ లేస్తూ కారు కప్పు పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. థెల్మా చూసింది. చూడనట్టు అద్దం తుడిచింది.

బీమా కంపెనీకి ర్యాంకిన్ బల్ల మీది ఫోనులోంచి మాట్లాడారు. ఎక్కువగా నడిపేది ఎవరని అడిగింది అవతలి అమ్మాయి. ర్యాంకిన్ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి గొణిగాడు. "నీ పేరు చెప్పు. సగానికి సగం తగ్గుతుంది. అందరూ చేసేదే."

"బస్సు తోలినన్నాళ్ళూ కాగితం మీద ఒక్క అబద్ధం రాయలేదు. ఈ వయసులో మొదలెట్టమంటావా?" వెర్నన్ ఫోను లాక్కున్నాడు. "నా భార్యమ్మా. నడిపేది ఆవిడే."

థెల్మా తల వంచుకుంది. సిగ్గో గర్వమో ఆమెకే తెలియలేదు.

అమ్మాయి షరతులు, పక్కవాళ్ళకీ వినిపించేంత గట్టిగా, గుక్కతిప్పుకోకుండా చదివింది. పక్కన లైసెన్సున్న మనిషి ఉండి తీరాలి. ఆ మనిషి తాగి ఉండకూడదు, నిద్రపోకూడదు, అవసరమైతే తానే నడపగలిగే స్థితిలో ఉండాలి. లేకపోతే బీమా లేనట్టే, ఏం జరిగినా భారం మీదే.

"విన్నావా పిల్లా?"

"విన్నాను."

ఎల్ అక్షరం అట్టలు ముందూ వెనకా కట్టి, వెర్నన్ పక్కసీటులో కూర్చున్నాడు. థెల్మా తాళం తిప్పింది. ఊరు దాటేలోపు రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. మూడోసారి ఆగలేదు. ఎడమపక్క ఆస్పత్రి దాటారు. దారి సన్నబడి కొండెక్కింది. అటూ ఇటూ రాళ్ళగోడలు, మధ్యలో గొర్రెలు.

"మెల్లగా. గొర్రెలకి బీమా లేదు, వాటికే ధైర్యమెక్కువ."

థెల్మాకి నవ్వొచ్చింది. చక్రం పట్టుకున్న చేతులు కాస్త వదులయ్యాయి. గేరు తనంతట తానే మార్చింది. ఇంతకాలమూ కిటికీలోంచి పక్కకి చూసిన దారి ఇవాళ ఎదురుగా వస్తోంది. మనసు నిండిపోయింది.

"బాగానే తోలుతున్నావే. ఆ బస్సు ఉండుంటే నీకిప్పించేవాణ్ణి," అన్నాడు వెర్నన్. అంతకుమించిన పొగడ్త అతని దగ్గర లేదు.

కొండ నడినెత్తికి వచ్చాక, "ఆపు," అన్నాడు.

ఆమె అద్దం చూసుకుంది, దారి వెడల్పైన చోట పక్కకి తీసింది, చేతిబ్రేకు లాగింది. అన్నీ మాస్టారు చెప్పినట్టే చేశాక తిరిగి చూసింది. వెర్నన్ మొహం బూడిదరంగులో ఉంది. పెదాలు చెమటతో తడిసిపోయాయి. చేతిలో మొబైల్ ఉంది గానీ కొండ మీద దానికి సిగ్నల్ ఉండదు. వెనక్కి చూస్తే కిందనే, చెయ్యి చాపితే అందేటట్టు ఆస్పత్రి కప్పు కనిపిస్తోంది.

"వెనక్కి తిప్పుతా. నేను తీసుకెళ్తాను వెర్నన్."

"వద్దు." మాట మాటకీ ఊపిరి అందడం లేదు. "నేను నడపలేను కదా. అంటే పక్కన నేను లేనట్టే. ఎవరినైనా గుద్దావంటే... ఇల్లు పోతుంది పిల్లా. ముందు మలుపులో గొర్రెల ఫామ్ ఉంది. నడిచెళ్ళి వాళ్ళ ఫోను నుంచి అంబులెన్సుకి చెయ్యి."

చక్రం చేతుల్లోనే ఉంది. తిప్పితే తిరిగేది. డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది, ఇందుకే కదా నేర్చుకున్నానని కూడా అనిపించింది. కానీ అవతల వెర్నన్ వద్దన్నాడు. వెర్నన్ వద్దన్న పని ఆమె ఎన్నడూ చేయలేదు.

"అలాగే," అంది.

మోకాళ్ళు నొప్పెట్టేదాకా పరిగెత్తింది, తర్వాత నడిచింది, మళ్ళీ పరిగెత్తింది. ఫామ్ ఆవిడ ఫోను చేసి, ఆమెని జీపులో ఎక్కించుకుని వెనక్కి తీసుకొచ్చింది. అప్పటికే అంబులెన్సు వచ్చి ఉంది. దాని మనుషులు తొందరపడటం లేదు. అది చూడగానే థెల్మాకి తెలిసిపోయింది.

వెర్నన్‌ని ఎక్కించాక, అక్కడికొచ్చిన పోలీసతన్ని ఆమె అడిగింది. "పక్కన మనిషి నడపలేని స్థితిలో ఉంటే... నేను కిందికి తోలుకెళ్ళి ఉండొచ్చా, బాబూ?"

అతను మంచివాడు. అందుకే నిజం చెప్పేశాడు. "ప్రాణం మీదికొస్తే బీమా ఎవరు చూస్తారమ్మా? దార్లో నేను కనిపించి ఉంటే, మీ ముందు సైరన్ వేసుకుని దారి చేసేవాణ్ణి."

థెల్మా తలూపింది. ఏడుపు రాలేదు. ఇకమీదట ఎంత ఏడ్చినా ఈ మాట కడుక్కుపోదని మట్టుకు అర్థమైంది.

"తాళం ఇవ్వండి, కారు మేం తెప్పిస్తాం," అన్నాడతను. "పక్కన ఎవరూ లేకుండా మీరు నడపకూడదు కదా."

ఇచ్చింది. వెర్నన్ వస్తువులేమైనా ఉండిపోయాయేమోనని పక్కసీటు తలుపు తీసి వంగింది. ఏమీ లేవు. కింద రబ్బరు చాప మట్టుకు ముందుకి తోసుకుపోయి, కుడికాలు ఆనే చోట, అటువైపు లేని బ్రేకుని దారి పొడవునా తొక్కుతూ వచ్చినట్టు ముడతలు పడి ఉంది.