అరటిపండుకి అవుటు లేదు

నేను ఒక రిమోటును. నిజానికి ఆ పేరు నాకు తగదు. దూరం నుంచి పనిచేసేదాన్ని రిమోటు అంటారట. నాకు బారెడు తోక ఉంది. ఆ తోకను పెట్టెలో గుచ్చకపోతే నావల్ల అయ్యే పని ఒక్కటీ లేదు. టీవీకి తగిలించి ఆడే వీడియో గేము పెట్టెతో పుట్టినదాన్ని. అయినా బొబ్బిలి చుట్టుపక్కల చేత్తో పట్టుకుని మీటలు నొక్కేదాన్నల్లా రిమోటే అంటారు. నేనూ ఒప్పుకున్నాను. మనుషులు పెట్టిన పేరుకి ఎదురుచెప్పిన వస్తువును ఇంతవరకు చూడలేదు.

ఎడమవైపు కూడిక గుర్తులాంటి మీట, కుడివైపు రెండు ఎర్ర మీటలు. ఒకటి పరుగుకి, ఒకటి గెంతుకి. నాకు కళ్ళు లేవు. చెవులున్నాయి, బొటనవేళ్ళు తెలుసు. చూసినట్టు చెప్పేవన్నీ విని పోగేసుకున్నవే. మనిషి మాటలో ఏం దాచుకున్నా బొటనవేలు దాచుకోలేదు.

ఎక్కడ పుట్టావంటే చెప్పలేను. పొడవాటి బల్ల, దానికి అటూ ఇటూ ఆడవాళ్ళు. ఒకామె రబ్బరు పెట్టింది, ఒకామె తీగ అతికింది, చివరామె మరలు బిగించింది. ఆమె బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. నా పుట్టుక గురించి నాకు గుర్తున్నది అంతే. తరవాత అట్టపెట్టె, ఓడ కడుపు, లారీ, విజయనగరంలో ఒక దుకాణం.

నన్ను మొదట కొన్నవాడు ఒక రైసుమిల్లు గుమాస్తా. పిల్లల కోసమని కొన్నాడు. నాలుగురోజులు పిల్లలకి ఇవ్వలేదు. ఇచ్చాక వాళ్ళు ఒకరి చేతుల్లోంచి ఒకరు లాక్కున్నారు, నేలకేసి కొట్టారు, నామీద పాయసం ఒలకబోశారు. ఆ ఇంట్లో నేను నేర్చుకున్నది ఒకటుంది. ఓడినవాడల్లా "రిమోటు పనిచెయ్యట్లేదు" అనేవాడు. గెలిచినవాడు ఒక్కడూ నా పేరెత్తలేదు.

పాయసం లోపలికి దిగి గెంతు మీట పట్టేసింది. అప్పుడు నన్నూ, పెట్టెనూ, ఆట ఉన్న కాసెట్టునూ సంచిలో వేసి బొబ్బిలిలో తవిటయ్య టీవీ రిపేరు కొట్లో ఇచ్చారు. మళ్ళీ తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. ఆ కొట్లో అలాంటివాళ్ళం ఒక అలమారా నిండా ఉన్నాం.

నన్ను విప్పింది తవిటయ్య కాదు, అతని దగ్గర పనిచేసే హైమావతి. అప్పటికి ఆమెకి పాతికేళ్ళు. ఎడమకాలు పోలియోకి చిక్కిపోయింది. ఇనుప చట్టం తొడుక్కుని, తోలుపట్టీలు బిగించుకుని నడిచేది. ఆ చట్టం చప్పుడు వింటేనే సందు మొదట్లో ఉండగా పోల్చుకునేదాన్ని. ఐటీఐలో చదివింది. వేళ్ళు సన్నం, వేడికి అలవాటుపడ్డవి. నా రబ్బరు కడిగి ఆరబెట్టి, అరిగిపోయిన నల్లపూత మీద పెన్సిలు ముల్లు రుద్ది, మరలు బిగించి, గెంతు మీట నొక్కింది. టక్కుమని లేచాను. "మంచిదే ఇది," అంది. నా గురించి ఒక మనిషి అన్న మొదటి మంచిమాట అది.

మధ్యాహ్నం రెండింటికి ఆ కొట్టుకి ఎవరూ వచ్చేవారు కాదు. తవిటయ్య కుర్చీలోనే కునికేవాడు. పక్కన టీ బడ్డీ అసిరమ్మ గ్లాసులు కడిగేసి వచ్చి గుమ్మంలో కూర్చునేది. హైమ బాగుచేసిన టీవీ సరిగా ఉందో లేదో చూడాలి కదా అని నన్ను తగిలించి ఆడేది.

ఆ ఆటలో పొట్టి మనిషి ఒకడు ఎడమనుంచి కుడికి పరిగెడతాడు. గుంటలు గెంతాలి, ఏదుపందుల్ని తప్పించుకోవాలి, పైనుంచి పడే రాళ్ళకి అందకూడదు. ఎనిమిది స్టేజీలు దాటితే ఒక గోపురం, దానిమీద గంట. ఆ గంట కొడితే ఆట ఐపోయినట్టు. వాడికి అసిరమ్మ గెంతులోడు అని పేరు పెట్టింది. వాడికి మూడు ప్రాణాలు. దారిలో ఎర్రపండు తింటే అదనంగా ఒక దెబ్బ కాస్తుంది.

ఆ పండు దగ్గరే హైమ బొటనవేలు ఆగిపోయేది.

"పండొగ్గీసి ఎల్తావేటే?" అంది ఒకరోజు అసిరమ్మ.

"అరటిపండులాటి బతుకు ఇంక సాలప్పా నాకు," అంది హైమ.

పిల్లల ఆటల్లో ఒక పద్ధతి ఉందట. మరీ చిన్నవాళ్ళనో, చేతకానివాళ్ళనో ఆడించకపోతే ఏడుస్తారని ఆటలో కలుపుకుంటారు గానీ లెక్కలో పెట్టుకోరు. వాళ్ళని అరటిపండు అంటారు. అరటిపండు గెలిచినా గెలుపు కాదు, అవుటైనా అవుటు కాదు. హైమ వాళ్ళ వీధిలో ఏడుపెంకులాట ఆడేవారు. ఆ ఆటలో బంతి ఒక్కసారి ఒంటికి తగిలితే అవుటే.

"ఈపుమీద సుర్రుమనేది అప్పా. అవుటయిపోనాననేసి నాను పక్కకొచ్చి నిలబడిపోయీదాన్ని. ఎవులో ఒకలు 'అది అరటిపండురా, దాన్నొగ్గీండి, ఆడండి' అనీవోరు. దెబ్బ నాకే తగిలీది, అవుటు మాత్రం నాది కాదు."

"అంత నొప్పెట్టినందుకైనా ఓ అవుటు ఇయ్యాల కదేటి! ఏం మడుసులమ్మా!" అంది అసిరమ్మ.

ఆ సాయంత్రమే హైమ తవిటయ్యని అడిగింది. "మావా, ఈ ఆటని మార్సగలవా? ఒక్క పేణమే ఉండాల. ఒక్క దెబ్బ తగిలితే ఎనిమిదో స్టేజీలో ఉన్నా సరే, మళ్ళీ మొదటికొచ్చీయాల."

తవిటయ్య నవ్వాడు. "లోకంలో ఎవులైనా ఎక్కువ పేణాలడుగుతారు గానీ, ఉన్నవి తీసీమంటావేటమ్మీ!"

నవ్వాడు గానీ వదల్లేదు. ఒకప్పుడు హైదరాబాదులో టీవీలు తయారుచేసేచోట పనిచేసి వచ్చినవాడు. చిప్పులమీద రాసే పెట్టె ఒకటి అతని దగ్గర ఉండేది. నోటుపుస్తకం నిండా అంకెలు రాసుకుని, గెంతులోడి ప్రాణాలు ఏ గదిలో దాచారో పదకొండు రోజులు వెతికాడు. దొరికాక చిప్పును నీలం దీపం కింద పెట్టి చెరిపి, కొత్తగా రాసి, కాసెట్టులో అతికాడు. మూడు పోయి ఒకటి మిగిలింది. ఎర్రపండు ఉత్త బొమ్మ అయిపోయింది.

ఆషాఢంలో మొదలుపెట్టింది హైమ. దసరా వెళ్ళాక తవిటయ్య కొట్టు వదిలి రాయగడలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. కొట్టు హైమకే ఇస్తానన్నాడు. ఆ మాట అన్నరోజు హైమ సంతోషించలేదు. "నా పని సూసి ఇస్తన్నాడో, కాలు సూసి ఇస్తన్నాడో తెలీడంలేదప్పా," అని అసిరమ్మతో అంది. తవిటయ్య వెళ్ళేలోపల, ఎవరూ ఏమీ మినహాయించని ఒక్క పనినైనా తుదిదాకా చేసి చూసుకోవాలని ఆమె పట్టుదల. కొట్టు తాళాలు దానికి ముడిపెట్టుకుంది.

ఎన్నిసార్లు పోయిందో! మూడో స్టేజీలో గబ్బిలం, నాలుగులో జారుడు మెట్టు, ఐదులో రాయి. పోయిన ప్రతిసారీ మొదటికి వచ్చేది. ప్రతి అవుటుకీ బల్ల వెనక గోడమీద సుద్దతో గీత గీసేది. అవుట్లు అంత ముచ్చటగా గీసుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఒక్కసారి కూడా "రిమోటు పనిచెయ్యట్లేదు" అనలేదు. "నా యేలే తొందరపడినాది," అనేది.

అసిరమ్మ మాత్రం ఊరుకునేది కాదు. "ఓలమ్మో! ఆ ఏదుపంది దాని దారిన అది పోతాది కదే, దానికెదురెల్తావేటి? ఆగు! గెంతు! ఏటి గెంతవూ... సచ్చిపోనాడు. టీ తాగు."

శ్రావణం వెళ్ళేసరికి ఏడో స్టేజీ దాటింది. అది మంగళవారం. తవిటయ్య మెలకువగానే ఉన్నాడు, అసిరమ్మ బడ్డీకొచ్చిన నలుగురు గుమ్మంలోకి చేరారు. ఎనిమిదో స్టేజీని హైమ చూడటం అదే మొదటిసారి. సగందాకా వెళ్ళాక ఆమె బొటనవేలు అర క్షణం ఆలస్యమైంది. ఏదుపంది తగిలింది. నాకు తెలుసు. బొటనవేలు నా మీదినుంచి లేచిపోయింది, అయిపోయిందనుకున్న వేలు ఎలా లేస్తుందో అలా. చచ్చినప్పటి పాట కోసం ఇద్దరం ఎదురుచూశాం. అది రాలేదు. పరుగు పాటే సాగుతోంది. గెంతులోడు నిలబడే ఉన్నాడు.

వేలు మళ్ళీ వచ్చి నా మీద ఆనింది. చివరిదాకా ఆడింది. గంట మోగింది. అసిరమ్మ గ్లాసు బల్లకేసి కొట్టి "కొట్టీసినాది మా హైమ గుంట!" అని అరిచింది. గుమ్మంలోవాళ్ళు చప్పట్లు కొట్టారు.

హైమ నన్ను బల్లమీద పెట్టింది. వాళ్ళంతా వెళ్ళేదాకా ఆగింది.

"మావా, అక్కడ నాను సచ్చిపోనాను కదా."

తవిటయ్య కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఎనిమిదిలో ఒక్క దెబ్బ తెలీకుండా కాస్తాది. అంత దూరం ఎల్లినోలు ఒట్టినే పోకూడదనేసి..."

"మళ్ళీ నన్ను అరటిపండుని సేసీసినావు."

తను ఆరోజు బాగుచేసిన సెట్టు ముందుకి లాక్కుంది. తరవాత ఆమె మెల్లగా అడిగింది. "నా అతుకులు కూడా ఇలాగే దిద్దుతున్నావేటి?"

తవిటయ్యకి అబద్ధం చేతకాదు. ఆమె ఇంటికెళ్ళాక కొన్ని సెట్లు మళ్ళీ విప్పి చూస్తానని, మూడింటిలో అతుకులు మళ్ళీ వేశానని చెప్పాడు. "సెట్లిచ్చినోలు ఒచ్చి నిన్నొక మాటంటారని..."

"అననియ్యి మావా. నన్ననాల్సింది నన్నే అననియ్యి."

అతను కాసెట్టు విప్పి, చిప్పు ఊడదీసి నీలం దీపం కింద పెట్టాడు. ఆ రాత మళ్ళీ రాశాడు, ఈసారి ఏ దయా లేకుండా. ఆమె సెట్లు కూడా మళ్ళీ విప్పలేదు. పదిరోజులకే తెర్లాం నుంచి ఒక పెద్దమనిషి టీవీ మోయించుకొచ్చి "ఎవరమ్మా దీన్ని బాగుచేసిందీ? బొమ్మ వొణికిపోతోంది!" అని విరుచుకుపడ్డాడు. తవిటయ్య లేవబోయి కూర్చున్నాడు. "నానే సేసినానండి. తప్పు నాదే. ఒగ్గెళ్ళండి, రేపటికి సరిసేసిస్తాను," అంది హైమ. ఆయన వెళ్ళాక ఆమె నన్ను తీసుకుంది. బొటనవేలు ఎప్పటిలాగే నిలకడగా ఆనింది.

తవిటయ్య కొట్లో ఆఖరిరోజు దసరా దాటిన శుక్రవారం. సామాను సర్ది గుమ్మంలో పెట్టాడు. హైమ మధ్యాహ్నం ఆట పెట్టింది. ఆరోజు ఆ వేళ్ళు ఎలా నడిచాయో నేను మాటల్లో చెప్పలేను. తొందర లేదు, భయం లేదు. నాలుగు, ఐదు, ఆరు. అసిరమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టేసింది. ఏడు. ఎనిమిదిలో ఆ పాత ఏదుపందిని అలవోకగా దాటింది. గోపురం ఎక్కింది. గంటకి ఒక్క గెంతు దూరం.

గెంతింది. అంగుళం ముందుగా గెంతింది. పైనుంచి వచ్చిన రాయి తగిలింది. ఈసారి పాట మారింది. గెంతులోడు మొదటి స్టేజీ గడ్డిలో నిలబడ్డాడు.

"ఓలమ్మా, ఒక్క గెంతే! తవిటయ్యా, ఇంకోపాలి అక్కడికాడ్నుంచే పెట్టవయ్యా, గుంట ఎంత కష్టపడినాది!" అంది అసిరమ్మ.

హైమ తవిటయ్య వైపు తిరిగింది. తవిటయ్య కుర్చీలోంచి లేచాడు, గోడ దగ్గరికి వెళ్ళాడు, సుద్దముక్క తీసి తన చేత్తో గీత గీశాడు.

"అవుట్," అన్నాడు.

హైమ నవ్వింది. నన్ను రెండు చేతుల్లో పట్టుకుని, ఒళ్ళు కదిలేలా, కళ్ళనీళ్ళు నామీద పడేలా నవ్వింది. చిన్నప్పుడు పక్కకొచ్చి నిలబడ్డ పిల్లని ఇన్నేళ్ళకి ఎవరో చూశారు.

నవ్వు ఆగాక చెయ్యి చాపింది. "తాళాలియ్యి మావా."

ఆ తరవాత ఆ గంట మోగలేదు. కొట్లో పని పెరిగింది. "హైమమ్మ చెయ్యి పడిందా?" అని అడిగే రోజులు వచ్చాయి. లావు టీవీలు పోయి పలక టీవీలు వచ్చాయి. వాటిలో నా పెట్టె తీగలకి సరిపోయే కన్నమే లేదు. నన్ను గోడకి, ఆ గీతల పక్కన మేకుకి తగిలించారు. ప్రతి దసరాకి తుడిచి, పనిముట్లతోపాటు నాకూ బొట్టు పెట్టేవారు. సోల్డరింగు ఇనుముకి బొట్టు పెట్టారంటే అర్థం ఉంది. నాకెందుకు? ఆటలో ఉన్నానా అంటే లేను, అవుటయ్యానా అంటే కాలేదు. ఇన్నేళ్ళకి నాకు తెలిసింది, అరటిపండు అంటే ఏమిటో.

ఈ ఏడు కొట్టుకి సున్నం వేయిస్తూ హైమ నన్ను మేకునుంచి దింపింది. ఆమె వేళ్ళు ఇప్పుడు కాస్త మొద్దుబారాయి గానీ పోల్చుకున్నాను. విప్పింది. రబ్బరు కడిగింది, పెన్సిలు ముల్లు రుద్దింది. గెంతు మీట నొక్కింది. నేను లేవలేదు. ఇంకోసారి నొక్కింది. లేవలేకపోయాను.

తీగ బాగుంది, పనికొస్తుందని కోసి తీసి పక్కన పెట్టుకుంది. నన్ను పాతసామాను గోనెసంచి దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఇన్నాళ్ళుంచీసి ఇప్పుడు పారేస్తావేటే?" అంది అసిరమ్మ. ముసలిదైపోయింది, గొంతు మాత్రం అలాగే ఉంది.

"పని సెయ్యనిదాన్ని గోడకేలాడదీసి బొట్టెట్టడం దానికి మర్యాదేటి అప్పా?"

ఒక్క క్షణం బొటనవేలు గెంతు మీట మీద ఆగింది. "అవుట్," అంది మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా.

ఇప్పుడు గోనెసంచిలో ఉన్నాను. అడుగున మిక్సీ మోటార్లు, పైన చార్జర్లు. రేపో ఎల్లుండో బండి వస్తుంది. బయట సున్నం కుంచె గోడమీద నడుస్తున్న చప్పుడు వినబడుతోంది. "ఆ గీతలున్న కాడ ఎయ్యకు," అంటోంది హైమ. ఇనుప చట్టం చప్పుడు బల్ల వెనక్కి వెళ్ళి ఆగింది.

సుద్దముక్క గోడమీద కిర్రుమంది. ఒక్క గీత. అది నాది.