వెయిటింగ్ రూములో మరిది చావు

పళ్ల డాక్టరుకి పళ్ల తరవాత అంత ఇష్టమైనవి కంప్యూటర్లు. కింద క్లినిక్కు, పైన ఇల్లు, మధ్య మెట్ల గోడ వెంట ఆయన స్వయంగా లాగిన తీగలు. పాత కంప్యూటరు పారేయడానికి ఆయనకి మనసొప్పదు. అందుకని హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, పడకగదిలో ఒకటి, ఆఖరికి క్లినిక్కులో పేషెంట్లు కూచునే గదిలో కూడా గోడకి ఒకటి ఉండేది. ఆ కింది తెర మీద పొద్దస్తమానం ఒక నవ్వుమొహం పిల్ల పళ్లు తోముకుంటూ కనిపించేది. అది చూసి జనం తోముకోవడం నేర్చుకుంటారని ఆయన ఆశ. జనం మాత్రం ఆ పిల్లని చూసి చూసి విసిగి, లోపల్నించి వచ్చే డ్రిల్లు చప్పుడు విని బెదిరి, ఫోనొచ్చినట్టు నటిస్తూ లేచి చల్లగా జారుకునేవారు.

ఆయన తల్లికి సాయంత్రం సీరియలే లోకం. సరిగ్గా ఆ వేళకే చుట్టాలెవరో ఫోను చేసేవారు, లేదా కోడలు ఆఫీసు నుంచి వచ్చి ఆకలంటూ వంటింటి గుమ్మంలో నిలబడేది. కథలో కీలకమైన ముక్క ఎప్పుడూ ఆవిడ చేజారిపోయేది. "ఆ పిల్ల ఎందుకేడుస్తోందో తెలీకుండానే దాంతోపాటు నేనూ ఏడవాల్సొస్తోందిరా" అని ఒకరోజు కొడుకు దగ్గర మొరపెట్టుకుంది.

డాక్టరుకి కావలసిందీ అదే. ఆదివారమంతా నేల మీద బోర్లా పడుకుని, హాల్లో కంప్యూటరుకి టీవీ తీగ తగిలించి, సీరియలు దానంతటదే రికార్డయ్యేలా చేశాడు. రికార్డయినదాన్ని ఇంట్లో ఏ కంప్యూటరులోనైనా చూసుకోవచ్చు. అమ్మ హాల్లో కూర తరుగుతున్నా, వంటింట్లో పోపు వేస్తున్నా, పడకగదిలో బట్టలు మడతపెడుతున్నా ఒక్క మాట పోకూడదని ఆవిడ చేతికి ఒక టాబ్లెట్ ఇచ్చి, దాని మీద "అన్ని తెరలూ" అని ఒక బొత్తాం కూడా పెట్టాడు. అన్ని తెరల్లో కింద గోడ మీది తెర కూడా ఒకటన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు.

మర్నాడు కోడలు ఆఫీసుకి వెళ్లగానే ఆవిడ కళ్లజోడు తుడుచుకుని బొత్తాం నొక్కింది. కింద పళ్లు తోముకుంటున్న పిల్ల మాయమైంది. ఆమె చోట సీరియల్లోని ఒక కోడలు తలుపు వెనక నిలబడి వెక్కివెక్కి ఏడుస్తోంది.

లోపల పేషెంటు నోట్లోకి వంగి ఉన్న డాక్టరుకి ఇదేమీ తెలీదు. నాలుగు రోజులయ్యేసరికి కొన్ని వింతలు మాత్రం కనిపించాయి. లేచిపోయేవాళ్లు తగ్గారు. నర్సమ్మ పేరు పిలిస్తే ఎవరూ కదలడం లేదు, పక్కవాళ్లని ముందు వెళ్లమని బతిమాలుతున్నారు. పుప్పిపన్ను పూడ్పించుకుని వెళ్లిపోవలసిన టీచరమ్మ మళ్లీ వచ్చి కుర్చీలో కూచుంది. ఒకసారైతే ఆయన డ్రిల్లు పెట్టిన క్షణానే బయట గదిలో జనమంతా ఒక్కసారిగా "అయ్యయ్యో" అన్నారు. కుర్చీలో ఉన్నాయన తన పన్నుకేదో ఘోరం జరిగిపోయిందనుకుని డాక్టరు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఇక ఆగలేక డాక్టరు మాస్కు కిందికి లాక్కుని బయటికి వచ్చాడు. గది కిక్కిరిసి ఉంది. నర్సమ్మ చీటీలు ఒళ్లో పెట్టుకుని ముక్కు చీదుకుంటోంది. తెర మీద వదినగారి నగలు కాజేసిన మరిది ఆ నేరాన్ని వదినగారికే అంటగట్టబోతున్నాడు. సరిగ్గా వాడు నోరు తెరిచేసరికి బొమ్మ ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు డాక్టరు.

"కుక్కరు సార్. మూడు విజిళ్లయ్యాక మళ్లీ మొదలవుతుంది" అంది నర్సమ్మ కళ్లు తుడుచుకుంటూ.

పైన బొత్తాం నొక్కేదెవరో పేషెంట్లకి తెలీదు గానీ అలవాట్లన్నీ పట్టేశారు. కాసేపాగితే కుక్కరు. చాలాసేపాగితే ఫోనులో చెల్లెలు. మరిది చెంప పగలగొట్టిన ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పి చూపించినప్పుడు కూడా ఎవరూ విసుక్కోలేదు. మూలకుర్చీలో, బుగ్గ బూరెలా ఉబ్బిన బస్సు కండక్టరు కూచుని ఉన్నాడు. జ్ఞానదంతం పీకించుకోవడానికి వచ్చి, నాలుగు రోజుల నుంచి తన వంతు అందరికీ దానం చేస్తున్న మనిషి. "నాకేం తొందర లేదు డాక్టరుగారూ. ముందు ఆ నగల సంగతి తేలనివ్వండి" అన్నాడు.

డాక్టరుకి తల కొట్టేసినట్టయింది. చదువుకున్నవాడి క్లినిక్కులో ఈ ఏడుపులేమిటని పైకెళ్లి తల్లికి చెప్పేశాడు. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తను ఒంటరిగా చూస్తున్నాననుకుని, మరిది మీద ఒళ్లు మండినప్పుడల్లా వాడి మాట వినపడకుండా సౌండు తీసేసిన సంగతి గుర్తొచ్చి సిగ్గుపడింది. ఆ మధ్యాహ్నమే డాక్టరు కింది తెరని వరసలోంచి తీసేశాడు. పళ్లు తోముకునే పిల్ల తిరిగొచ్చింది.

మర్నాడు ఆ పిల్లని చూడగానే గదిలో సగం మంది లేచారు. మిగతా సగానికి డ్రిల్లు చప్పుడు మళ్లీ వినిపించడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ దాన్ని కప్పేసింది సీరియలు ఏడుపేనని అప్పుడర్థమైంది డాక్టరుకి. కానీ నిన్న అంత గట్టిగా చెప్పొచ్చి ఇవాళ వెనక్కి తగ్గడానికి మొహం చెల్లలేదు. ఆయన అలా నానుస్తుండగానే నర్సమ్మ పైకెళ్లి, నిన్న సీరియల్లో ఏమైందో చెప్పకపోతే కండక్టరు వెళ్లిపోయేలా ఉన్నాడని పెద్దావిడకి విన్నవించుకుంది.

ఆవిడ మోకాళ్ల నొప్పితో ఏడాది నుంచి మెట్లు దిగింది లేదు. ఆ రోజు గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. మధ్యలో కుర్చీ వేయించుకుని, చెంగుతో మొహం తుడుచుకుని, "ఎక్కడిదాకా చూశారు?" అని అడిగి కథ ఎత్తుకుంది. కోడలి ఏడుపు ఏడ్చింది, అత్తగారిలా మూతి ముడిచింది, వకీలులా వేలు చూపించింది. ఎవరూ కదల్లేదు. లోపల డ్రిల్లు తిరుగుతున్నా ఎవరికీ పట్టలేదు.

అలా నాలుగు రోజులు దిగింది. తల్లి అవస్థ చూసి డాక్టరు మెత్తబడ్డాడు. తప్పొప్పుకున్నట్టు కాకుండా, ఏదో తీగ సరిచేస్తున్నట్టు నటించి కింది తెర మళ్లీ కలిపేశాడు. ఆవిడ కూడా అందరితో కలిసి చూద్దామని కిందే కూచుని బొత్తాం నొక్కింది.

బొమ్మ వచ్చింది. తలుపు తెరుచుకుంది. మరిది నవ్వుతూ లోపలికి వచ్చాడు.

గదిలో కలకలం రేగింది. టీచరమ్మ కుర్చీలోంచి సగం లేచింది. "వీడు మొన్నే పోయాడు కదండీ" అంది. నర్సమ్మ కూడా అదే అంది. వాడి కోసం ఎవరూ ఏడవలేదని, వదినగారు మాత్రం ధర్మం తప్పకుండా నోట్లో నీళ్లు పోసిందని అందరికీ బాగా గుర్తుంది. అందరూ పెద్దావిడ వైపు తిరిగారు.

ఆవిడ తొణకలేదు. "పోయాడు. నేనే దగ్గరుండి పంపించాను. వీళ్లకింకా ఆ కబురు అందినట్టు లేదు" అంది.

డాక్టరు నవ్వాపుకోలేక లోపలికి పారిపోయాడు. బయట కాసేపు గుసగుసలు నడిచాయి. చివరికి కండక్టరు లేచి, రన్నింగు బస్సులో టికెట్లు కొట్టిన గొంతుతో, ఆ తెర ఆపేయమన్నాడు. వాళ్ల కథకంటే పిన్నిగారి కథే బాగుందని, చచ్చినవాణ్ణి మళ్లీ తీసుకురావడం తనకి నచ్చలేదని తేల్చేశాడు. ఎవరూ కాదనలేదు.

డాక్టరు అదే అదను అనుకున్నాడు. కథ కావాలంటే లోపలికొచ్చి కుర్చీలో కూచోవాలని కండక్టరుతో బేరం పెట్టాడు. కండక్టరు గుమ్మం దగ్గర నాలుగు మాట్లు ఆగి, మీసం సర్దుకుని, పెద్దావిడ తన చెయ్యి పట్టుకుంటేనే కూచుంటానన్నాడు. ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూచుని అతని చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. తల్లి తన గదిలో కూచుని తన పని చూడటం డాక్టరుకి అదే మొదలు. కాలేజీ పరీక్షలో కూడా పడనంత కంగారు పడ్డాడు. మత్తు సూది వేశాడు.

ఆవిడ మరిది ఆఖరి రోజు మళ్లీ మొదలుపెట్టింది. వాన. ఇంట్లో దీపం లేదు. తప్పు ఒప్పుకుందామని మరిది తడుస్తూ వచ్చాడు, వదిన గడియ తియ్యాలా వద్దా అని ఆగింది. కండక్టరు రెప్ప వెయ్యడం లేదు. డాక్టరు కూడా వింటూ వింటూ పట్టకారు బిగించి, ఇటూ అటూ కదిపి, ఒక్క లాగు లాగాడు. పన్ను వచ్చేసింది. కండక్టరు కిక్కురుమనలేదు.

"అయిపోయిందమ్మా" అన్నాడు డాక్టరు, పన్ను పైకెత్తి చూపిస్తూ.

ఆవిడ ఆ నెత్తుటి పన్ను చూసింది. మరిదిని కంట తడి పెట్టకుండా సాగనంపిన మనిషి, కళ్లు తేలేసి కొడుకు భుజం మీదికి ఒరిగిపోయింది.

కండక్టరు గబుక్కున లేచి ఆవిణ్ణి తన కుర్చీలో పడుకోబెట్టాడు. నర్సమ్మ నీళ్లు చిలకరించింది. డాక్టరు తల్లి నాడి చూశాడు. కండక్టరు నోట్లో దూది అలాగే ఉంచుకుని, చీటీల అట్టతో విసరసాగాడు. గుమ్మంలో జనం తలలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డారు.

కాసేపటికి ఆవిడ కళ్లు తెరిచి, కొడుకుని, నర్సమ్మని, గుమ్మంలో జనాన్ని వరసగా చూసింది.

"ఎక్కడాపాను?" అంది.

"గలియ లగ్గల" అన్నాడు కండక్టరు, నోటినిండా దూదితో.

అదెవరికీ అర్థం కాలేదు. ఆవిడకి మాత్రం అర్థమైంది. "ఆఁ, గడియ దగ్గర" అంటూ కొడుకు చెయ్యి పట్టుకుని లేచి కూచుంది.