తాటిమోడులో కాపురం

ఉప్పల్‌లో స్టేడియం కట్టాక చుట్టుపక్కల స్థలాలకు రెక్కలొచ్చిన రోజులవి. నాచారంలో అద్దెకుంటూ, బ్యాంకు జీతంలో మిగిల్చి విజయభాస్కర్ చెంగిచెర్లలో కొన్న స్థలానికి ఈశాన్యంలో ఎండిన తాటిమోడు ఉంది. శంకుస్థాపన లోపు అది పోవాల్సిందేనన్నాడు సిద్ధాంతి. భాస్కర్‌కు సిద్ధాంతి మాట అంటే వేదమే. ఆ ఆదివారం గొడ్డలి తెచ్చినవాడు గండయ్య. ఒకప్పుడు ఆ నేల ఆయనదే.

భర్త వెంట వచ్చిన ఉదయశ్రీ గొడుగు కింద నిలబడింది. ఆమెకు మూడో నెల. ఆ సంగతి భర్తకు తెలియదు. రెండుసార్లు తెలిసిన రోజే అందరికీ చెప్పుకుని, రెండుసార్లూ కడుపు పోగొట్టుకున్న మనిషి ఆమె. ఈసారి అయిదో నెల దాకా నోరు విప్పనని ఒట్టు పెట్టుకుంది. ఇల్లాలు కడుపుతో ఉంటే చెట్టు కొట్టకూడదని, ఇల్లు మొదలుపెట్టకూడదని తెలియక కాదు. భయం ముందు ఆచారం ఏపాటిది?

మొదటి దెబ్బకే పైన తొర్రలోంచి ఆడ రామచిలుక తల బయటపెట్టింది. ఎగిరిపోలేదు. దాని జత, మెడ చుట్టూ గులాబీ గీత ఉన్న మగచిలుక, అరుస్తూ మోడు చుట్టూ తిరగసాగింది.

"లోపల పిల్లలున్నయ్ సార్," అని గండయ్య గొడ్డలి దించాడు. ఇదే చేలో జొన్నకంకుల మీద వాలిన చిలకలను వడిసెల రాళ్లతో తరిమిన మనిషే. చెట్లన్నీ ప్లాట్లకు పోయాయని, తొర్ర ఉన్నది ఇదొక్కటే మిగిలిందని, మామిడిపండ్ల నాటికి పిల్లలు ఎగిరిపోతాయని చెప్పాడు. చిలుక తొర్ర తానుగా తొలుచుకోదట, ఎవరో తొలిచి వదిలేసిన దాంట్లో చేరుతుందట. పాపం, దానిదీ అద్దె కాపురమే.

అప్పటికి ముహూర్తాలుండవు, ఇల్లు ఏడాది వెనక్కి పోతుంది, కానివ్వమన్నాడు భాస్కర్. గండయ్య మళ్లీ గొడ్డలి ఎత్తాడు.

"ఆగండి," అంది ఉదయశ్రీ. "నాకు మూడో నెలండీ. చెట్టు కొట్టకూడదు."

భాస్కర్ ఆమె వంక చూసి అక్కడే మట్టిలో చతికిలబడ్డాడు. గండయ్య గొడ్డలి భుజాన వేసుకున్నాడు.

"మా దిక్కు గూడ గంతే బిడ్డా. జర పైలంగ ఇంటికి పో."

ఒట్టు తప్పినందుకు ఆమె ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని రోజులు గడిపింది. భాస్కర్ ఇంటి మాటే ఎత్తలేదు. ఆదివారాలు మాత్రం స్కూటర్ మీద చెంగిచెర్ల వెళ్లి తొర్ర చూసి వచ్చి, "ఉన్నాయి," అనేవాడు.

మామిడిపండ్లు అయిపోయాయి. వానలు మొదలయ్యాయి. ఆమెకు ఆరో నెల నడుస్తోంది. ఆ ఆదివారం కూడా తడిసి వచ్చి, చెప్పులు విప్పుతూనే, "ఉన్నాయి," అన్నాడు.

గండయ్య మాట ఆమె మరిచిపోలేదు. ఆ తొర్ర ఎప్పుడో ఖాళీ అయి ఉంటుంది. ఖాళీ అన్న మాట తన ముందు అనడానికి అతనికి నోరు రావడం లేదని తెలిసి, ఆమెకు కళ్లు చెమర్చాయి. తువ్వాలు అందించింది.

"పెద్దవయ్యాయా?"

"అయ్యాయి," అన్నాడు తల తుడుచుకుంటూ.