తిట్లు తినే రాయి

టైలరు జన్మలో ఇస్త్రీపెట్టె కంటే బరువైనది ఎత్తి ఎరుగడు. అలాంటి మనిషి గడ్డపార పట్టుకుని దొడ్లో బండరాయి మీదికి వెళ్తుంటే, పక్కింటి మేస్త్రికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడుపే వచ్చింది. పోయిన వానల్లో వెనక గుట్ట మీంచి దొర్లివచ్చి, టైలరు ఒక్కగానొక్క కొడుకును పొట్టన పెట్టుకున్న రాయి అది.

ఆనాటి నుంచి టైలరు భార్య పొద్దున్నే మొహమైనా కడుక్కోకుండా దాని ముందు నిలబడేది. "నీ నోట్లో మన్ను పడ! నీ కళ్ళు పోను! వాడు నీకేం ద్రోహం చేశాడే?" అని దులిపేసేది. రాయికి నోరెక్కడిది, కళ్ళెక్కడివి? ఆవిడ తిట్టే తీరు చూస్తే మాత్రం అన్నీ ఉన్నాయేమో అనిపించేది. ఓపిక ఉన్నంతసేపు తిట్టి, లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించేది. ఆ పాపిష్టి రాయి కళ్ళెదుట లేకపోతే ఆవిడ మనసు కుదుటపడుతుందని టైలరు ఆశ. క్రేను పట్టేంత సందు కాదు వాళ్ళది.

మేస్త్రి గడ్డపారతో పాటు ఇనప పైపు ముక్కలు, ఒక చెక్కముక్క ఇచ్చాడు. "రాయి లేవగానే కింద చెక్క పెట్టెయ్ బాబాయ్. ఆలస్యం చేశావా, పడ్డ కష్టమంతా మళ్ళీ మొదటికొస్తుంది."

దొడ్డి పల్లానికి వాలి ఉండబట్టి సరిపోయింది. పైపుల మీద జానెడు జానెడు దొర్లించుకుంటూ దాన్ని దొడ్డి చివరనున్న షెడ్డు వెనక మూలకు చేర్చాడు. అరచేతులు బొబ్బలెక్కి సూది పట్టడానికి లేకుండా పోయాయి. అయినా ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు, పిచ్చి మారాజు.

తెల్లారి భార్య అలవాటు కొద్దీ దొడ్లోకి వచ్చింది. రాయి ఉన్నచోట గుంట, పాలిపోయిన గడ్డి. తిట్టబోయి ఆగింది. మెట్టు మీద కూర్చున్న మొగుడి వైపు తిరిగింది.

"ఏవండీ, ఆ రోజు వాన మొదలైంది, లైనింగు గుడ్డలు తడుస్తాయని వాణ్ణి దొడ్లోకి పంపింది ఎవరు?"

ఇన్నాళ్ళూ ఆవిడ ఆ మాట అనలేదు. ఆయన తనలో తాను ఆ మాట అనుకోని రోజు లేదు.

"నేనే," అన్నాడు.

ఆవిడ లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. పొయ్యి వెలగలేదు. మర్నాడూ అంతే. ఆ ఇంట్లో మాట లేదు, తిట్టు కూడా లేదు. తిట్టు లేకపోవడమే ఆయన భరించలేకపోయాడు.

రాయిని మళ్ళీ దాని గుంటలోకి చేర్చాలని గడ్డపార తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్ళాడు.

"మతిపోయిందా బాబాయ్? ఎగువకి నెట్టడం ఒక్కడివల్ల అయ్యే పనా?" అని గోడ అవతల నుంచి మేస్త్రి కేకేశాడు.

నిజమే. రాయి బెత్తెడు లేచేది. చెక్క అందుకోబోతే గడ్డపార పట్టు జారి, రాయి మళ్ళీ ఉన్నచోటే పడేది. ఎన్నిసార్లు లేపినా అదే తంతు. చివరికి దాని పక్కనే కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఎప్పుడొచ్చిందో భార్య, గొంతుక్కూర్చుని చెక్కముక్క చేతిలోకి తీసుకుంది.

"నొక్కండి," అంది.

ఆయన లేచి ఒళ్ళంతా గడ్డపార మీద వేశాడు. రాయి లేచింది. ఆవిడ చెక్క పెట్టింది.

"నీ చేతులు పడిపోను," అంది తల ఎత్తకుండా.

రాయికి చేతులెక్కడివి? ఆ తిట్టు ఎవరికని ఆయన అడగలేదు. బొబ్బలు చిట్లిన చేతులతో మళ్ళీ గడ్డపార అందుకున్నాడు.