ఎడమ వైపు గరగర

"ఇంకా బాగవలేదేటే నీ పెట్టె?" అన్నాడు ధర్మేంద్ర, తిన్న కంచంలోనే చెయ్యి కడుగుతూ.

"లేదు" అంది ఈశ్వరి కంచం తీస్తూ.

"ఆడదాని సేతిలో పడ్డాక ఏ మిషను బాగుంటాది!" అని లేచి, తువ్వాలు కోసం చెయ్యి చాచాడు. తువ్వాలు చేతికందింది. చాచిన చేతిలో వస్తువు పడకపోవడమనేది పెళ్ళయిన పదిహేనేళ్ళలో అతనికి తెలీదు. ఎరువుల కొట్టుకి వెళ్తూ, "ఆ ఉద్యోగం పోతే పోనియ్యి, నువ్వు తెస్తేనే ఇక్కడ పొయ్యి ఎలుగుతాదేటి?" అని కూడా అన్నాడు.

అతనికేం, అలాగే అంటాడు. కోటబొమ్మాళిలో డిగ్రీ చదివి శ్రీకాకుళం కోడలైన ఈశ్వరికి, ఇంట్లో ఫలానా అమ్మ, ఫలానా భార్య కాకుండా తన పేరుతో పిలిచే చోటు ఆ ఉద్యోగం ఒక్కటే. విశాఖపట్నం కంపెనీ ఒకటి రికార్డు చేసిన మాటలు పంపిస్తుంది. విని, అన్నది అన్నట్టు ఇంట్లో కంప్యూటర్ మీద టైపు చేసి పంపాలి. మీటింగులు, ఇంటర్వ్యూలు, ఇల్లాలికి ఎంత ఓర్పుండాలో గంటన్నరసేపు చెప్పే ప్రవచనాలు. మొదటి ఏడాది ఒక్క తప్పు పోలేదు. సూపర్‌వైజర్ అనూరాధ ఫోన్ చేసి "ఈశ్వరిగారూ, మీ ఫైలు మళ్ళీ చూడక్కర్లేదండీ" అన్న రోజున, ఈశ్వరి ఎవరికీ చెప్పకుండా పాలతాలికలు చేసుకుని తింది.

ఇప్పుడు ఒక్కో ఫైలులో పదేసి తప్పులు. మూకుడు అడుగున గరిటె పెట్టి గీకినట్టు మాట వెనకాల గరగర. సరిచెయ్యడానికి ఆవిడ చెయ్యని పని లేదు. వీడియోలు చూసి సౌండు డ్రైవరు తీసేసి మళ్ళీ వేసింది. సెట్టింగుల్లో ఉన్నవన్నీ ఆపి చూసింది. హెడ్‌ఫోన్ పిన్ను ముందు నుంచి తీసి వెనక గుచ్చింది. ఫోను ఛార్జరు దూరంగా పెట్టింది. ఒకపూట ఫ్రిజ్ కూడా ఆపేసింది. పాలు విరిగి, అత్త గున్నమ్మ చేత "ఆ పెట్టె మీదెట్టిన కళ్ళు పొయ్యి మీదెట్టు" అనిపించుకుంది. ఇదంతా పప్పు ఉడికేలోపు, బట్టలు ఆరేలోపు, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు. స్పీకర్లు మార్చినా అదే గరగర, హెడ్‌ఫోన్స్ పెట్టినా అదే గరగర. నిన్న అనూరాధ, "సోమవారంలోగా సిస్టం బాగుచేయించుకోండి, లేకపోతే మీ పేరు తీసెయ్యమంటున్నారు" అంది. పాపం, ఆ మాట చెప్పడానికి ఆమె కూడా నసిగింది.

అందుకే ఈరోజు రిపేరు షాపు హరిబాబుని ఇంటికే పిలిపించుకుంది. అరగంట అన్నీ విప్పి చూసి, "ఏ సైడు వస్తంది మేడం గరగర?" అని అడిగాడు.

"ఎడమ సైడు."

"అయితే హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకోండి. ఎడందాన్ని కుడి సెవికి. మిషనులో తేడా ఉంటే గరగర కుడి వైపుకొచ్చీవాల."

ఆవిడ తిరగేసి పెట్టుకుంది. అతను పాట పెట్టాడు. "ఇప్పుడెటు?"

"ఎడమే."

అతను తన సంచిలోంచి కొత్త హెడ్‌ఫోన్ తీసి తగిలించాడు. "ఇప్పుడూ?"

"ఎడమేనండి."

హరిబాబు దాన్ని తన చెవులకి పెట్టుకుని, కళ్ళు మూసుకుని పాట మొత్తం విన్నాడు. తీసి, తీగ చుట్టుకుంటూ, ఆవిడ మొహంకేసి చూడకుండా అన్నాడు: "మిషను బంగారంలా ఉన్నాది మేడం. ఒకపాలి సెవి డాక్టరుకి సూపించుకోండి."

అతను వెళ్ళాక ఈశ్వరి కుర్చీలో కూర్చునే ఎడమ చెవి తడుముకుంది. శివరాత్రి వెళ్ళిన వారం. ఇదే కుర్చీ. చెవులకి హెడ్‌ఫోన్స్, మరో పది నిమిషాల్లో పంపాల్సిన ఫైలు. ధర్మేంద్ర బండి తాళాల కోసం మూడుసార్లు పిలిచాడట. నాలుగోసారి పిలవలేదు. వచ్చి, హెడ్‌ఫోన్ లాగి పడేసి, ఎడమ చెంప మీద, చెవి కలిపి ఒక్కటిచ్చాడు. "పిలుస్తంటే ఇనపడదేటే? సెవుడా?" తాళాలు అతని చొక్కా జేబులోనే ఉన్నాయి. అత్త వంటింట్లోంచే, "మొగోడన్నాక సెయ్యి ఇసురుతాడు, నువ్వు పలికుంటే అయిపోను" అంది. సాయంత్రం అతను జిలేబీలు తెచ్చాడు. ఆవిడ పిల్లలకి పంచి, పొట్లం కాగితం మడిచి పారేసి, ఆ సంగతి కూడా అక్కడితో పారేశాననుకుంది.

ఐదు నెలలు! ఐదు నెలలు తీగల్లో వెతికింది, పిన్నుల్లో వెతికింది, ఫ్రిజ్‌ని కూడా అనుమానించింది. తన ఒంట్లో వెతకాలని ఒక్కసారీ తోచలేదు. ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటున్నానని ఇప్పుడు గుర్తొచ్చింది. మరి ఇంట్లో ఎవరికీ తెలియలేదా అంటే, ఇంట్లో ఆవిడకి ఏదీ వినపడనక్కర్లేదు కదా. ఎవరికి ఎప్పుడు ఏం కావాలో పిలవకముందే తెలుసు. చెవి ఒకటి పోయినా ఆ ఇంట్లో ఒక్క కాఫీ ఆలస్యం కాలేదు. అది తలుచుకున్నాక ఏడుపు ఆగలేదు.

మొహం కడుక్కుని అనూరాధకి ఫోన్ చేసింది. "సిస్టం బానే ఉంది మేడం, నా చెవే పాడైంది" అంది. "డాక్టరు కాగితం పంపండి. ఎన్నాళ్ళు పట్టినా మీ పేరు తీయనివ్వను" అంది అనూరాధ.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన ధర్మేంద్ర, చెవి ఆసుపత్రి మాట వినగానే తింటున్న చెయ్యి ఆపాడు. "నానూ వస్తాను" అన్నాడు. రెండు కాన్పులకీ రానివాడు! చెప్పులేసుకుని ముందే గుమ్మంలో నిలబడ్డాడు.

బండి వెనక కూర్చుని దారంతా ఈశ్వరి ఒక అబద్ధం సిద్ధం చేసుకుంది. బాత్రూంలో కాలు జారింది, కుళాయి తగిలింది. నలుగురిలో అతని పరువు పోకూడదనే అనుకుంది, ఏం చేస్తాం, అలవాటు.

డాక్టరమ్మ చెవిలోకి లైటు వేసి చూసింది. "కర్ణభేరికి చిల్లు పడింది. చాన్నాళ్ళయినట్టుంది. ఎలా అయింది?"

ఈశ్వరి నోరు తెరిచేలోపు ధర్మేంద్ర అందుకున్నాడు. "పుల్లలెట్టి గెలుక్కుంటాదండి. ఎన్నిసార్లు సెప్పినా ఇనదు."

అతను ఆవిడకి ఎడమ పక్కన కూర్చున్నాడు. ఆ మాట గరగరమంటూనే వినపడింది. అతన్ని కాపాడాలని దారంతా ఆవిడ అబద్ధం అల్లుకుంటే, అతను కొత్తది అల్లి తప్పు ఆవిడ నెత్తినే పెట్టాడు. డాక్టరమ్మ కలం కాగితం మీద కదులుతోంది.

"అది రాయకండి డాక్టరుగారూ" అంది ఈశ్వరి. "మా ఆయన కొట్టారు."

కలం ఆగింది. ధర్మేంద్ర బల్ల కింద ఆవిడ కాలు తొక్కాడు.

"ఏమన్నారమ్మా, మళ్ళీ చెప్పండి" అంది డాక్టరమ్మ.

ఈశ్వరి మళ్ళీ చెప్పింది, ఈసారి బయట వరండాలో కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేలా.